చిప్పు మీద బొట్టు

చిప్పు మీద బొట్టు లేదు. వెలుతురు సరిగా పడలేదేమో అనుకున్నాను ముందు. కుప్పంలో ఈ కాలేజీ ఆడిటోరియం కిటికీలన్నీ పడమటి వైపే, మధ్యాహ్నపు ఎండ బల్ల మీదికి ఏటవాలుగా వచ్చి పడుతోంది, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని మళ్ళీ చూశాను. పోటీకొచ్చిన రోబోలన్నీ పొడుగాటి బల్ల మీద వరసగా ఉన్నాయి, బల్లకీ మా కుర్చీలకీ మధ్య ఒక తాడు, తాడు కింద నుంచి చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో మాది. నల్లటి చిప్పు. దాని నడినెత్తిన మెరూన్ రంగు స్టిక్కరు బొట్టుండాలి, ఆయుధ పూజ నాడు నేనే అంటించిన బొట్టు. లేదు. రాలిపోయి ఉంటే జిగురు మచ్చ ఉండేది, దుమ్ము పట్టి తెల్లగా. మచ్చ కూడా లేదు. అంగట్లో కొన్నప్పటి అచ్చు అక్షరాలతో నిగనిగలాడుతున్న కొత్త చిప్పు అది. అంటే ప్రియ చిప్పు మార్చింది. చిప్పు మార్చిందంటే ప్రోగ్రాము మార్చింది. కానీ నిన్న మధ్యాహ్నం, ల్యాబులో ఎవరూ లేనప్పుడు, ఎడమ మోటారు వైర్లు నేను మార్చాను.

ఇంతకన్నా చిన్న విషయం లోకంలో ఉండదు. రోబోకి మోటార్లు రెండు, ఎడమ ఒకటి, కుడి ఒకటి. తెల్ల చార్టు మీద అంటించిన నల్ల టేపు గీతని పట్టుకుని చివరిదాకా నడవాలి, పోటీ అంతే. రెండు చక్రాలూ ముందుకి తిరిగితే ముందుకి పోతుంది. ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి తిరిగితే ఉన్నచోటనే గిరగిరా తిరుగుతుంది. మాది పది రోజుల కిందట మదనపల్లెలో, మా కాలేజీ డెమోలో, డిపార్టుమెంటు హెడ్డు ముందర గిరగిరా తిరిగింది. దాన్ని సరిచేయడానికి దారులు రెండు. ఎడమ మోటారుకి పోయే రెండు వైర్లూ ఒకదాని చోట ఒకటి బిగిస్తే చాలు. లేదా ప్రోగ్రాములో ఎడమ మోటారుకిచ్చే ఆజ్ఞ తిరగరాస్తే చాలు. ఏదో ఒకటి. రెండూ చేస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుని జబ్బు మళ్ళీ మొదటికొస్తుంది. ఒక్కసారి నడిపి చూసుంటే తెలిసిపోయేదే. కానీ బ్యాటరీ నిన్నటి నుంచీ మా జట్టులో మూడోవాడు హరీష్ దగ్గర ఛార్జింగులో ఉండింది, పొద్దున బస్టాండుకొచ్చాకే తెచ్చి పెట్టెలో పెట్టాడు. ఇక్కడికి రాగానే బల్ల మీద పెట్టించి తాడు కట్టేశారు. నంబరు పిలిచేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. పిలిచాక ఒక నిమిషం సర్దుకోవడానికి, తర్వాత ఈల. ఇంతకీ ఆమె మార్చింది దిక్కేనా, లేక మలుపుల దగ్గర వేగమా? వేగమే అయితే నా వైర్లు సరిగ్గా ఉన్నట్టు, వాటిని కెలికితే నేనే పాడు చేసినట్టు. అడిగితే తెలుస్తుంది. ప్రియ అటు రెండో కుర్చీలో కూచుని ఉంది. మా మధ్య ఒక ఖాళీ కుర్చీ ఉంది. అడగడానికి ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాటే పది రోజులుగా నా గొంతు దాటి రావడం లేదు.

ప్రియ నా వైపు చూడటం లేదు. కుడి పిడికిలి బిగించి ఒళ్ళో పెట్టుకుని రోబోనే చూస్తోంది. నీలం చున్నీ అంచు చిరిగి ఉంది, బస్సులో సీటు మేకుకి తగులుకుందేమో. ఇదే చున్నీ వేసుకుని మొదటి సంవత్సరం హాస్టల్లో నా పక్క మంచం మీద ట్రంకు పెట్టె దించి, నన్ను ఎగాదిగా చూసి, మీది యాడ అనడిగింది. పెద్దమండ్యం అన్నాను. ఆమెది శాంతిపురం దగ్గర. చిత్తూరు జిల్లాకి ఆ కొసన వాళ్ళు, ఈ కొసన మేము. ఆమె మాటల్లో సగం తమిళం, పావు కన్నడం, కోపమొస్తే మూడూ. ఆ సాయంత్రమే పాడైపోయిన టేప్ రికార్డరు ఒకటి విప్పి అందులోంచి వేలెడు మోటారు తీశాం. గోడ గడియారం సెల్లు తగిలించాను. అది నా అరచేతిలో తిరిగింది. ఆ తిరగడం ఇప్పటికీ అరచేతిలో ఉంది, తూనీగని పట్టుకున్నట్టు సన్నటి వణుకు. ప్రియ దాన్ని తీసుకుని తన చెంపకి ఆనించుకుంది. దీన్ని మనం చెప్పినట్ల తిప్పల్ల మే, అంది. దానికి నేను, తిప్పేది నేను సూసుకుంటా, చెప్పేది నువ్వు సూసుకో, అన్నాను. పనులు అప్పుడే పంచుకున్నాం. వైరు నాది, ప్రోగ్రాము ఆమెది.

ఈల. కోలారు వాళ్ళ రోబో బయల్దేరింది. హాలంతా మెడలు సాచింది. మొదటి మలుపు బాగానే తిరిగి, టేపు అతుకు దగ్గర ఆగి, వాసన చూస్తున్న కుక్కలా ముందుకీ వెనక్కీ ఊగి, గీత వదిలేసి జడ్జీల కుర్చీల కిందికి దూరిపోయింది. నవ్వులు. కిటికీ అవతల హరీష్ మొహం కనిపించింది. లోపలికి ఒక్కో జట్టుకి ఇద్దరినే వదిలారు, వాడు బయట చెట్టు అరుగెక్కి నిలబడి కమ్మీల్లోంచి చేతులూపుతున్నాడు, ఏమయిందని నన్నడిగి, అదే ప్రియనీ అడుగుతున్నాడు. వాడికి అలవాటైపోయింది. ఆమెకి చెప్పప్పా స్క్రూలు తెమ్మని అని నేను, వాళ్ళకి చెప్పప్పా స్క్రూలు డబ్బాలోనే ఉండాయని ఆమె, ఒకే బల్లకి అటూ ఇటూ కూచుని. మొన్న విసుగెత్తి చెప్పాడు. "మీ ఇద్దురి మధ్యలో ఆర్టీసీ బస్సు మాదిరి తిరగతాండానమ్మా. ఒక్క టికెట్టన్నా కొనండి." ఇద్దరికీ నవ్వొచ్చింది. ఇద్దరం చెరో గోడ వైపు తిరిగి నవ్వుకున్నాం.

రోబో ఒళ్ళు చేసింది హరీషే, అల్యూమినియం రేకు కోసి. వాడిది పుంగనూరు. నేలకి జానెడెత్తున, ముందుకి రెండు సెన్సార్లు కొమ్ముల్లా పొడుచుకుని ఉన్న దాన్ని చూసి, ఇది అచ్చం మా ఊరి పొట్టావు గదా అన్నాడు. ఆ పేరే నిలిచింది. పొద్దున బస్సు పుంగనూరులో ఆగినప్పుడు వాళ్ళమ్మ వేయించిన శనక్కాయల పొట్లంతో వచ్చి, పెట్టె మూత ఎత్తి దానికి దండం పెట్టుకుని పోయింది. పెట్టె ప్రియ ఒళ్ళో ఉండింది. బస్సు గతుకులో పడ్డప్పుడల్లా ఆమె చేతులు పెట్టె చుట్టూ బిగుసుకున్నాయి. నేను వెనక సీట్లో కూచుని ఆమె జడ చూస్తూ వచ్చాను. పలమనేరు దాటాక గాలి చల్లబడింది. మామూలుగా అయితే నేను ఆమె భుజం మీద నిద్రపోవాల్సిన చోటు అది. ఈ చివరి సంవత్సరం పరీక్షలైతే ఆమె బెంగుళూరు, నేనెక్కడో తెలీదు, ఇద్దరం కలిసి ఇలా బస్సులో పోవడం మళ్ళీ ఉండదు, అని అప్పుడు తట్టింది. ముందుకి వంగి చెబుదామనుకున్నాను, ప్రియా, నేను వైర్లు మార్చినాను, నీ ప్రోగ్రాము సరిగ్గానే ఉండాది అని. కండక్టరు వచ్చి మా మధ్య నిలబడ్డాడు. వాడు పోయాక కిటికీ వైపు తిరిగాను. అక్కడే చెప్పుంటే ఆమె కూడా చెప్పేది. ఇప్పుడు పెట్టె మూత తీసి ఉంది, తాడు కట్టి ఉంది.

అసలు ఎవరి తప్పూ కాదది. పాత ఎడమ మోటారు కాలిపోయింది, డెమోకి ముందురోజు పొద్దున. అలాంటి మోటారు మదనపల్లెలో దొరకదు. ప్రియ వాళ్ళ నాయన మునిరత్నం బెంగుళూరులో గ్రానైటు పాలిషు పట్టే చోట పని చేస్తాడు, వారానికోసారి రైల్లో కుప్పం వస్తాడు. ఫోన్ చేస్తే, ఇంటికి రావాల్సిన సెలవు రోజంతా మోటార్లమ్మే వీధులన్నీ తిరిగి, పాత మోటారు నంబరు చేతి మీద రాసుకుని, అదే నంబరుది వెతికి, ఎవరి చేతనో రాత్రి బస్సులో పంపించాడు. నేను ఎర్ర వైరు ఎర్ర వైరుకి, నల్ల వైరు నల్ల వైరుకి బిగించాను. ఆ కొత్త మోటారు చేసినవాడు రంగులు తిరగేసి పెట్టాడని నాకేం తెలుసు. హెడ్డు సారు ముందర పొట్టావు తన తోకని తానే పట్టుకోబోతున్నట్టు తిరిగింది. ప్రియ మొహం ఎర్రబడింది. నిన్నటిదాకా నడిచిన ప్రోగ్రామే ఇది, వైర్లే తప్పు, అంది. రంగు ప్రకారమే బిగించాను, ప్రోగ్రాములో మార్చుకో, అన్నాను. మార్చదని తెలిసే అన్నాను. నడిచిన ప్రోగ్రాముని చెరపదు ఆమె, అది ఆమె నియమం, ఆయుధ పూజ నాడు చివరిదాకా నడిచింది కాబట్టే ఆ చిప్పుకి బొట్టు పెట్టాం, ఆ రోజు నుంచీ దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. మరి నేనెందుకు వైర్లు మార్చనన్నాను? రంగుకి రంగు కలిపిన పని తప్పని ఒప్పుకోవడం ఇష్టం లేక. అప్పుడు ఆమె అన్న మాట అందరూ విన్నారు. "ఇది మీ ఊరి బోరు మోటారు కాదు మే, తోచినట్ల వైర్లు తగిలించేకి." నేనూ ఊరుకోలేదు. "వైర్లు సరిగ్గానే ఉండాయి. మీ నాయన తెచ్చిన మోటారే వంకర."

మునిరత్నం పైన తల్లిదండ్రులకిచ్చిన గ్యాలరీలో ఉన్నాడు. ఇస్త్రీ మడతలు విప్పని తెల్ల చొక్కా, పక్కన ప్రియ వాళ్ళమ్మ, పేరు చిన్నమ్మ. ఇద్దరూ పొద్దున్నే ఊరి నుంచి జీపెక్కి వచ్చారు. లోపలికొచ్చేటప్పుడు గుమ్మం దగ్గర నన్ను ఆపి, "అమ్మా గంగా, మోటారు బాగుండాదా? అంగడాయప్పని తిప్పి తిప్పి సూపించమన్నానమ్మా. ఆడ తిరిగింది, ఈడ తిరక్కపోతే నా పరువు పోతాది," అని నవ్వాడు. ఆయనకి నా మాట ఎవరూ చెప్పలేదు. ప్రియ చెప్పలేదు. బాగుండాదప్పా అన్నాను, ఆయన కళ్ళలోకి చూడకుండా. ఆయన చేతి వేళ్ళ సందుల్లో రాతిపొడి, ఎంత కడిగినా పోని బూడిద రంగు. ఇంకాసేపట్లో పొట్టావు ఇంతమంది ముందర గిరగిరా తిరిగితే ఆయన ఏమనుకుంటాడు? తను తెచ్చిన మోటారే వంకరదనుకుంటాడు. నేనన్న మాట నోటితో చెప్పకుండానే ఆయనకి అందుతుంది.

బోరు మోటారు. ఆ మాట తలుచుకుంటే ముందు తడి ఇనుము వాసన, తర్వాత తుమ్మ పూల వాసన, తర్వాత మా నాయన బీడీ. అప్పుడు నేను ఎలిమెంటరీ బళ్ళో ఉన్నాను. మా ఊళ్ళో కరెంటు వచ్చినప్పుడే తెల్లారినట్టు. వచ్చిందని ముందు గొర్రెల దొడ్డి దగ్గర బల్బు చెబుతుంది, ఎవరో కేకేస్తారు, మా నాయన రామప్ప సంగటి ముద్ద పళ్ళెంలోనే వదిలేసి కయ్యల మీద నుంచి పరిగెత్తుతాడు, వెనక నేను. స్టార్టరు మీట పైకి లేపి చెవి పైపుకి ఆనిస్తాడు. అందరూ ఏదో ఒకటి మాట్లాడుతూ ఉంటారు, ఆయన వేలెత్తి, "గమ్మునుండండి. నీళ్ళు రానీ," అంటాడు. ముందు పైపులోంచి గాలి వస్తుంది, పాము బుస కొట్టినట్టు. తర్వాత ఎర్ర బురద నాలుగు చుక్కలు. తర్వాత ఒక్కసారిగా, గొంతులో అడ్డం పడ్డది తొలిగినట్టు, నీళ్ళు. ఆ గాలికీ నీళ్ళకీ మధ్య ఉన్న నిశ్శబ్దం అంటే నాకు ప్రాణం. అప్పుడు కాకులు కూడా అరిచేవి కాదనిపిస్తుంది. కొన్నిసార్లు నీళ్ళు వచ్చేవి కాదు, సన్నటి ధార కారి ఊరుకునేది. ఎక్కడో స్తంభం మీద లైన్‌మ్యాను తెగిన తీగలు కలిపేటప్పుడు ఒకదాని చోట ఒకటి కలిపేస్తే మోటారు ఎదురు తిరుగుతుంది. నాయన చెవి ఆనించగానే చెప్పేవాడు, ఎదురు తిరగతాండాది అని. ఫ్యూజులు పీకి, స్టార్టరు పెట్టె తెరిచి, మూడు తీగల్లో ఏవో రెండు తీసి అటుదిటు బిగించేవాడు. టెస్టరు నా చేతిలో. మా పల్లెల్లో పిల్లలకి ఎక్కాల కన్నా ముందు వచ్చే విద్య అది. తిరక్కూడని వైపు తిరిగితే రెండు వైర్లు మార్చు. ప్రియ తిట్టు అనుకుని అన్నది నాకు అఆలు.

ఆ బోరు మాదొక్కరిదే కాదు. మా నాయనకీ మా పెదనాయన మునెప్పకీ కలిపి ఒకటే బోరు, ఒక రోజు మాకు, ఒక రోజు వాళ్ళకి. అన్నదమ్ములకి మాటల్లేవు. ఒక పొట్టేలు గురించి మొదలైందట, ఆ పొట్టేలుని కోసుకు తిన్నా కోపం అలాగే ఉండిపోయింది. గట్టుకి అటు ఒకరు ఇటు ఒకరు నిలబడి నాతో మాట్లాడేవాళ్ళు. మీ పెదనాయనకి చెప్పు, మోటారు ఎదురు తిరగతాండాదని. మీ నాయనకి చెప్పు, నాకూ చెవులుండాయని. హరీష్ ఇప్పుడు చేస్తున్న పని నేను అప్పుడే చేశాను. ఒక వేసవిలో గాలివానకి తీగలు తెగాయి, కలిపాక మోటారు ఎదురు తిరిగింది. పొద్దున నాయన పోయి వైర్లు మార్చాడు, నడిపి చూసేలోగా కరెంటు పోయింది. మధ్యాహ్నం పెదనాయన వచ్చి, తమ్ముడు దీని సంగతి పట్టించుకోడులే అనుకుని, తనూ మార్చాడు. సాయంత్రం కరెంటు వచ్చింది, మోటారు మళ్ళీ ఎదురే. నాయన మళ్ళీ మార్చాడు, పెదనాయన మళ్ళీ మార్చాడు, ఎప్పుడూ కరెంటు లేనప్పుడే. లైన్‌మ్యానుని తిట్టారు, మోటారు చేసిన కంపెనీని తిట్టారు, కాలిపోయిందేమోనని మదనపల్లె నుంచి వైండింగు మనిషిని పిలిపించి, మోటారు పైకి లాగడానికి మూడు దూలాలు పాతి చైను కట్టారు. ఈలోగా టమాటా తోట తల వేలాడేసింది, ఆకులు చిన్నపిల్లల పిడికిళ్ళలా ముడుచుకుపోయాయి. చివరికి మా అమ్మ మునెమ్మ గంప దించి అటూ ఇటూ చూసి అడిగింది, నువ్వు మార్చినావా, నువ్వు మార్చినావా అని. ఇద్దరూ తలలూపారు. "ఇద్దురూ మార్చినారు గదప్పా. ఎవురో ఒకరు నోరు తెరిసింటే నీళ్ళొచ్చుండునే," అంది. వైండింగు మనిషి చైను విప్పుకుంటూ నవ్విన నవ్వు ఆ సంవత్సరమంతా మా ఊళ్ళో తిరిగింది.

అప్పుడైనా మాట్లాడుకోవాలి కదా. మాట్లాడుకోలేదు. ఒక పద్ధతి పెట్టుకున్నారు. వైర్లు మార్చినవాడు స్టార్టరు మీటకి ఒక పేలిక కడతాడు. రెండోవాడు వచ్చి చూసి, తెలిసిందని ఆ పేలిక విప్పేస్తాడు. పాత లుంగీ ముక్క, చీర అంచు, ఏది దొరికితే అది. నేను పెద్దయ్యేదాకా ఆ ఇద్దరి మధ్య పేలికే మాట్లాడేది. రెండో సంవత్సరం సెలవుల్లో ప్రియ మా ఊరొచ్చింది, గుర్రంకొండ కోట ఎక్కి కాళ్ళు నొప్పులంటూనే నాతో బోరు దగ్గరికి వచ్చింది. మీటకున్న పేలిక చూసి, ఇదేమి మొక్కుబడా అనడిగింది. నాయన ఆమెని గట్టు మీద కూచోబెట్టి ఈ కథంతా చెప్పాడు, తన మీద తనే నవ్వుకుంటూ. ప్రియ కూడా పడీ పడీ నవ్వింది. నీళ్ళు వచ్చినప్పుడు పైపు కింద తల పెట్టి, బట్టలన్నీ తడుపుకుని, ఊరిబిండితో సంగటి తిని, బోరు సద్దు వింటా పడుకుంటే ఎంత బాగుండాదే మే, అంది. అదే బోరు. అదే నోరు. అందుకే ఆ రోజు డెమోలో అంత నొప్పి పుట్టింది నాకు.

పోయిన సంవత్సరం పెదనాయన చనిపోయాడు. పొలంలోనే, ఉదయం, తన వంతు నీళ్ళు పారగడుతూ. ఆ రోజు కూడా మోటారు ఎదురు తిరిగిందట, ఆయన సరిచేసి, మీటకి పసుప్పచ్చ పంచె ముక్క కట్టి, నీళ్ళ మడవ మార్చడానికి పోయి గట్టు మీద కూచున్నాడు. ఆ పేలికని నాయన విప్పలేదు. ఇప్పటికీ అలాగే ఉంది, ఎండకి వెలిసి తెల్లబడింది. దాన్ని పట్టుకునే మీట లేపుతాడు నాయన, ఆ ముడి మీదే చెయ్యి వేసి. సెలవుల్లో పోయినప్పుడు నేను విప్పబోతే, ఉండనీమ్మా, నేనింకా ఆయనకి జవాబు చెప్పలేదు, అన్నాడు. అంతే అన్నాడు.

మా ముందున్న కృష్ణగిరి జట్టుని పిలిచారు. తర్వాత మేమే. ప్రియ పిడికిలి ఇంకా విప్పలేదు. అడుగు, గంగాదేవీ. దిక్కు మార్చినావా అని అడుగు. ఖాళీ కుర్చీ అంత వెడల్పు మాట అది. పది రోజులు పొట్టేలు అంత కోపం మోశావు, చాలదా. నోరు తెరిచాను, కృష్ణగిరి వాళ్ళ రోబో గీత చివరికంటా పోయింది, హాలు హోరెత్తింది, ఆ హోరులో నా మాట నాకే వినపడలేదు. ప్రియ చప్పట్లు కొట్టలేదు. ఆమె దేన్ని చూస్తోందో ఇప్పుడు గమనించాను. ఎడమ మోటారు దగ్గర వైర్లకి చుట్టిన టేపుని. నల్ల టేపు అయిపోతే నిన్న నేను పసుపు టేపు చుట్టాను. పొట్టావు ఒంటి మీద పసుపు రంగు అదొక్కటే. ఎంతసేపటి నుంచి చూస్తోందో.

మా నంబరు పిలిచారు.

తాడు కింద నుంచి దూరి అటు వైపు లేచాను. ప్రియ ఈ వైపు నుంచి వచ్చింది. నిమిషం మొదలైందని ఎవరో అన్నారు. పొట్టావుని ఎత్తి గీత మొదట్లో దించాను, స్విచ్చు వెనక ఉంటుంది, తోక దగ్గర, ఇంతసేపూ నాకు కనపడని వైపు. స్విచ్చుకి ఒక పేలిక కట్టి ఉంది. వేలెడంత. నీలం రంగు. చున్నీ అంచు.

కాబట్టి దిక్కే మార్చింది. మార్చినట్టు చెప్పింది కూడా, మా నాయన భాషలో, మా బోరు భాషలో. ఆ భాషలో పుట్టిన నేను మార్చి ఏ గుర్తూ పెట్టలేదు, ఆ భాషని వెక్కిరించిన మనిషి కట్టి పెట్టింది. ఇంక మాట అక్కర్లేదు. పేలిక విప్పి, స్క్రూడ్రైవరు తీసి, వైర్లు మళ్ళీ ముందున్నట్టే బిగించేస్తే సరి, నోరు తెరిచే పని లేకుండా. జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాను. సరిగ్గా అప్పుడే ప్రియ పిడికిలి విప్పింది. అరచేతిలో పాత చిప్పు, నడినెత్తిన మెరూన్ బొట్టు. ఇంతసేపూ బిగించి పట్టుకోవడంతో చిప్పు కాళ్ళు గుచ్చుకుని అరచేయంతా చుక్కలు చుక్కలుగా ఎర్రబడి ఉంది. రెండో చెయ్యి అప్పుడే కొత్త చిప్పు మీద ఉంది, ఊడబెరకడానికి. చేటంత యంత్రం మీద మా నాలుగు చేతులు. నేను వైర్లు తిప్పేస్తాను, ఆమె చిప్పు మార్చేస్తుంది, ఇద్దరం మంచికే, ఇద్దరం నోరు మూసుకునే. పొట్టావు మళ్ళీ గిరగిరా తిరుగుతుంది. మూడు దూలాలు, చైను, తల వేలాడేసిన టమాటా తోట, ఎండకి వెలిసిన ముడి మీద మా నాయన చెయ్యి.

"నువ్వు తీస్తాండావా, నేను తీయల్నా?" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా ఉంది. ప్రియ చెయ్యి ఆగిపోయింది. తలెత్తి నన్ను చూసింది, మొదటి రోజు ట్రంకు పెట్టె దించి చూసినట్టు.

"ఎప్పుడు మార్చినావే నువ్వు?"

"నిన్న. నువ్వు?"

"పొద్దున, బస్సుకి ముందర. ఒక మాట చెప్పకూడదా?"

"నువ్వు చెప్పినావా?"

"పేలిక కట్టినా గదే."

"పేలిక మాట్లాడదు మే," అన్నాను.

ఆమె కళ్ళు తడిశాయి, లేదా పడమటి ఎండ పడింది. టైము అయిపోతోందని జడ్జీ పెన్నుతో బల్ల మీద కొట్టాడు. స్క్రూడ్రైవరు జేబులో పెట్టేశాను. బొట్టుండేదే పెట్టు, వైర్లు అట్లే ఉండనీ, అన్నాను. ప్రియ కొత్త చిప్పు పీకి, పాతది గాడిలో పెట్టి, బొటనవేలితో బొట్టు మీదే నొక్కింది. అది టక్కుమని కూచుంది. నేను పేలిక ముడి విప్పాను. గట్టి ముడి, పళ్ళతో లాగాల్సి వచ్చింది. పైన గ్యాలరీలో మునిరత్నం లేచి నిలబడ్డాడు, చిన్నమ్మ ఆయన చొక్కా పట్టి కిందికి గుంజుతోంది. కిటికీ కమ్మీలు పట్టుకుని హరీష్ ఉన్నాడు, మా ఇద్దరి నోళ్ళూ కదలడం చూసినట్టున్నాడు, గీత మీద కన్నా మా మీదే వాడి చూపు.

ఈల వేశారు. ప్రియ వేలూ నా వేలూ స్విచ్చు మీద ఒకేసారి పడ్డాయి. ముందు ఏమీ లేదు. తర్వాత రెండు మోటార్లూ సన్నగా మూలిగాయి, లోపలెక్కడో గాలి బుస కొట్టినట్టు. హాల్లో ఎవరి మాటా వినపడటం లేదు నాకు.

"సద్దు మీ బోరు మాదిరే ఉండాదే," అంది ప్రియ నా చెవి దగ్గర.

"గమ్మునుండు," అన్నాను. "నీళ్ళు రానీ."

రెండు చక్రాలూ ముందుకి తిరిగాయి.